ఇరవై మూడో స్క్రీను మీద రాఘవులు అభిప్రాయం

2006 జూన్ మొదటి వారంలో నన్ను గుడివాడ నుంచి మచిలీపట్నంలోని శిక్షణ విభాగానికి డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నా హోదా అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు. మా కరెంటు ఆఫీసు వాడుకలో ఏడీఈ. శిక్షణ విభాగం అనగానే పెద్ద భవనం ఊహించుకోవద్దు. స్టోర్స్ ఆవరణలో, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు దింపే చోటుకి ఎదురుగా రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, ఎండాకాలంలో మాత్రం పనిచేయని ఒక ఏసీ. మా పైన ఒక డీఈ గారు, అంటే డివిజనల్ ఇంజనీరు. నెమ్మదస్తుడు. ఫైలు ఆలస్యమైనా ఫరవాలేదు గానీ గొడవ మాత్రం రాకూడదనే మనిషి.

పని కొత్తది. అప్పటిదాకా లైన్‌మన్లకి భద్రతా శిక్షణ అంటే యాభై మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి నాలాంటివాడు రూల్సు పుస్తకం చదవడం, భోజనాల తరవాత వాళ్లు కునికిపాట్లు పడటం, సాయంత్రం హాజరు పట్టీలో సంతకాలు పెట్టించుకోవడం. ఆ పాఠాలనే ఆన్‌లైన్ కోర్సులుగా మార్చి, ప్రతి డివిజన్ ఆఫీసులోనూ కంప్యూటరు ముందు సిబ్బందిని వంతులవారీగా కూర్చోబెట్టాలని పైవాళ్లు నిర్ణయించారు. నా వంతుకి వచ్చిన కోర్సు 'లైన్ క్లియర్'. మొత్తం నలభై స్క్రీన్లు.

లైన్ క్లియర్ అంటే, తీగల మీద పని చేసేముందు సబ్‌స్టేషన్ నుంచి తీసుకునే అనుమతి. లైన్‌మన్ అడుగుతాడు, సబ్‌స్టేషన్ ఆపరేటరు సరఫరా ఆపి రిజిస్టరులో నంబరు వేసి ఇస్తాడు. అప్పుడు లైన్‌మన్ పని చోట ఎర్త్ రాడ్లు తగిలించాలి. అంటే తీగల్ని కలిపి భూమికి కట్టేయడం. ఎక్కడినుంచైనా కరెంటు దొంగతనంగా వచ్చినా అది మనిషిలోంచి కాకుండా నేలలోకి పోతుంది. పని అయ్యాక అనుమతిని వెనక్కి ఇవ్వాలి, దాన్ని రిటర్న్ అంటాం. ఇందులో ఒక కట్టుబాటు ఉంది: ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగి ఇవ్వాలి. అన్న తరఫున తమ్ముడు ఇవ్వడానికి లేదు, లైన్‌మన్ తరఫున ఇంజనీరు ఇవ్వడానికి లేదు.

కోర్సు తయారుచేయడం కన్నా దాన్ని ప్రచురణకి ముందు పరిశీలనకి సిద్ధం చేయడమే అసలు పని అని నాకు మొదటి నెలలోనే తెలిసింది. రాసింది రాసినట్టు ఎక్కించడానికి లేదు. ముందుగా రివ్యూ కాపీ అని ఒకటి తీయాలి. అందులో ప్రతి స్క్రీనుకీ ఒక నంబరు, పక్కన అభిప్రాయం రాసే గడి. ముగ్గురు చూడాలి: విషయం తెలిసినవాళ్లు ఒకరు, భాష చూసేవాళ్లు ఒకరు, నిజంగా స్తంభం ఎక్కేవాడు ఒకడు. వాళ్లు అన్నదల్లా అభిప్రాయాల పట్టీలోకి ఎక్కుతుంది. ఆ పట్టీలో ప్రతి అభిప్రాయానికీ ఎదురుగా రచయిత జవాబు రాయాలి. ఒప్పుకుంటే ఏం మార్చాడో, ఒప్పుకోకపోతే ఎందుకో. జవాబు చూసి పరిశీలకుడు సంతకం పెడితేనే ఆ వరస మూసినట్టు. ఒక్క వరస తెరిచి ఉన్నా కోర్సు బయటికి పోదు. స్తంభం ఎక్కేవాడి విషయంలో ఇంకో షరతు కూడా ఉంది. అతనికి టైపు రాకపోతే మనమే కొట్టాలి, కానీ అతని మాట ఉన్నదున్నట్టు కొట్టాలి. దిద్దకూడదు, మెరుగుపెట్టకూడదు. ఈ షరతు పెట్టినవాణ్ణి నేనే. మొదటి సమావేశంలో గొప్పగా చెప్పి ఒప్పించాను.

గుడివాడ నుంచి రోజూ పాసింజరులో వచ్చేవాణ్ణి. పెడన దాటేవరకు కిటికీలోంచి స్తంభాలు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఏ ఇన్సులేటరు పగిలిందో, ఏ తీగ వదులైందో కళ్లు వెతుకుతూనే ఉండేవి. చెప్పడానికి ఎవరూ లేరు, అది నా పరిధీ కాదు. ఆఫీసులో సాయంత్రం ఆరు కొట్టేసరికి మనసు ఎటో పోయేది. దానికి కారణం ఒక ఫోను.

1990ల మధ్యలో నేను దివిసీమలో ఒక సెక్షన్‌కి ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరుని. పులిగడ్డ అక్విడెక్టు దాటాక నాకు తెలిసిన ప్రపంచమంతా ఆ సెక్షనే. అక్కడ లైన్‌మన్ రాఘవులు. నాకన్నా పదేళ్లు పైవాడు. పొట్టి మనిషి, స్తంభం ఎక్కితే మాత్రం పొట్టి అనిపించేవాడు కాదు. లైను మీది స్విచ్ ఆపి తాళం వేశాక తన తువ్వాలు కూడా దాని హ్యాండిలుకి కట్టేవాడు. తాళం ఎందుకు సరిపోదని అడిగితే, తాళం ఆఫీసుదండీ, తువ్వాలు మనిషిది, మనిషి పైనున్నాడని ఊళ్లో అందరికీ తెలుస్తుంది అన్నాడు. నిజంగానే ఆ ఎర్రగళ్ల తువ్వాలు కనిపిస్తే ఎవరూ స్విచ్ జోలికి వెళ్లేవారు కాదు.

పని ముగిశాక సబ్‌స్టేషన్‌కి రిటర్న్ ఇచ్చి, అక్కడినుంచే నాకు ఫోను చేసేవాడు. రూలు ప్రకారం అవసరం లేదు. అయినా రోజూ సాయంత్రం ఆరింటికి ఆ ఫోను మోగేది. "ఏఈ గారూ, రిటర్న్ అయిపోయిందండీ. అందరం దిగాం." అంతే మాట. ఆ మాట విన్నాకే నేను భోజనం గురించి ఆలోచించేవాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగంలో ఎన్నో ఫోన్లు ఎత్తాను, అంత నిశ్చింత ఇచ్చిన మాట మళ్లీ వినలేదు.

1997లో ఒకరోజు ఆ ఫోను రాలేదు.

దానికి ముందురోజు ఏం జరిగిందో చెప్పాలంటే మా వాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. పై అధికారి తనిఖీకి వస్తున్నాడంటే సెక్షన్లో ఉండాల్సిన సామాన్లన్నీ ఉన్నట్టు చూపించాలి. ఏ సెక్షన్లోనూ అన్నీ ఉండవు. అందుకని పక్క సెక్షన్ల ఏఈలు ఒకరికొకరు సర్దుకునేవారు. బెల్టులు, చేతి తొడుగులు, నిచ్చెనలు తనిఖీ అధికారికి ఒక ఊరు ముందుగా ప్రయాణం చేసేవి. ఆయన అన్నిచోట్లా అవే సామాన్లు చూసి, అంతా సక్రమంగా ఉందని రాసి వెళ్లేవాడు. ఇందులో మాకు తప్పేమీ కనిపించేది కాదు. పైపెచ్చు అదొక స్నేహధర్మంలా ఉండేది. పక్క సెక్షన్ ఏఈ ఆ సాయంత్రం జీపు వేసుకుని వచ్చి ఎర్త్ రాడ్లు అడిగాడు. మేకుకి వేలాడుతున్న సెట్టు తీసి నేనే జీపులో పెట్టాను. మా సెక్షన్‌కి ఉన్నది ఆ ఒక్క సెట్టే. రాఘవులు ఆ రోజు సెలవు. తెల్లవారి అతనికి చెబుదాంలే అనుకున్నాను. తెల్లవారి డివిజన్ ఆఫీసులో మీటింగుకి వెళ్లిపోయాను.

రొయ్యల చెరువుల దగ్గర ఒక జంపరు, అంటే స్తంభం మీద తీగకీ తీగకీ కలిపే ముక్క, తెగింది. చెరువు నీళ్లలో గాలి కలిపే మరలు ఆగిపోయి రైతులు ఆఫీసు మీద పడ్డారు. రాఘవులు లైన్ క్లియర్ తీసుకున్నాడు, స్విచ్ ఆపి తాళం వేసి తువ్వాలు కట్టాడు, స్తంభం ఎక్కాడు. ఇవతల ఒక చెరువాయన ఆత్రం పట్టలేక జనరేటరు వేశాడు. మెయిన్ స్విచ్ తీయకుండా జనరేటరు వేస్తే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లోంచి వెనక్కి ఎక్కి, చచ్చిన లైనుకి ప్రాణం పోస్తుంది. రాడ్లు ఉంటే నేలలోకి పోయేది. లేవు. బెల్టు ఉంది కాబట్టి మనిషి పడిపోలేదు. కుడిచేతి వేళ్లు రెండు తీసేశారు.

రాడ్లు నాలుగో రోజున తిరిగొచ్చాయి. విచారణ అధికారి ఆరో రోజున వచ్చాడు. రాడ్లు మేకుకి వేలాడుతున్నాయి, రిజిస్టరులోనూ ఉన్నాయి. నా రిపోర్టులో నేను రాసిన వాక్యం ఇప్పటికీ కంఠతా వచ్చు: "సదరు లైన్‌మన్ పని స్థలంలో ఎర్త్ రాడ్లు వాడలేదు." ప్రతి అక్షరం నిజమే. అంతకన్నా పెద్ద అబద్ధం నేను నా జీవితంలో రాయలేదు. రాఘవులు సర్వీసు రిజిస్టరులో నిర్లక్ష్యం అని మందలింపు ఎక్కింది. చెయ్యి మానాక అతన్ని ఘంటసాల వైపు, కింద నిలబడి చూసుకునే పనికి వేశారు. మళ్లీ నాకు ఫోను చేయలేదు. ఏదైనా సమావేశంలో కనిపిస్తే నమస్కారం పెట్టి పక్కకి తప్పుకునేవాడు. నా మీద కోపం అనుకున్నాను. కోపం న్యాయమే కదా అని నేనూ దగ్గరికి వెళ్లలేదు. మొహం చెల్లలేదు.

లైన్ క్లియర్ కోర్సులో ఒక నిజమైన ప్రమాదాన్ని ఉదాహరణగా పెట్టాలని పైవాళ్లు అన్నారు. పాత విచారణ ఫైళ్లన్నీ వాళ్లే తెప్పించి నాకు అప్పగించారు, అందులో మా ఫైలూ ఉంది. అన్నిట్లోకీ పాఠానికి పనికొచ్చేది అదే. పేర్లు, ఊళ్లు తీసేసి ఇరవై మూడో స్క్రీనుగా రాశాను. "అనుభవజ్ఞుడైన లైన్‌మన్ నిర్లక్ష్యంగా ఎర్త్ రాడ్లు వాడలేదు. ఫలితం ఇది." ఫైల్లో ఉన్న మాటే రాశానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అప్పటికి అలా సర్దుకోవడం అలవాటైపోయింది.

విషయం చూసినవారు దాని మీద ఏమీ అనలేదు. భాష చూసిన తెలుగు మేడం గారు ఆ ఉదాహరణ చాలా బాగుందని మెచ్చుకున్నారు. మూడో పరిశీలకుడి పేరు డివిజన్ నుంచి సీల్డు కవరులో వచ్చింది. త్వరలో రిటైరవబోతున్న సీనియర్ లైన్‌మన్, ఘంటసాల, పి. రాఘవులు.

వేరే పేరు అడగొచ్చు. డీఈ గారు అడగనిచ్చేవారే. రెండు రోజులు ఆలోచించాను. చివరికి వెళ్లడానికి కారణం నీతి అని చెప్పుకోను. అతని గొంతు వినాలనిపించింది, అంతే.

ఘంటసాల ఆఫీసులో లాప్‌టాప్ తెరిచి పక్కన కూర్చున్నాను. రాఘవులు జుట్టు పూర్తిగా తెల్లబడింది. కళ్లద్దాలు పెట్టుకుని, మూడు వేళ్ల కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ప్రతి స్క్రీనూ నిదానంగా చదివాడు. ఆరో స్క్రీనులో బొమ్మలోని మనిషి బెల్టు తప్పుగా పెట్టుకున్నాడన్నాడు. పదకొండులో స్విచ్ హ్యాండిలు పైకి ఉంది, ఆపినప్పుడు కిందికి ఉండాలన్నాడు. ఇద్దరు ఇంజనీర్లం, ఒక తెలుగు మేడం చూసిన బొమ్మ అది. నేను టైపు చేస్తున్నాను. పాత రోజుల్లో జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని అతను చెబుతుంటే రాసుకున్నట్టే ఉంది. ఆ కాసేపు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇరవై మూడు వచ్చింది. చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. నేను స్క్రీను వైపే చూస్తున్నాను.

"రాసుకోండి," అన్నాడు. "ఇది తప్పు. ఆ రోజు మేకుకి రాడ్లు కనపళ్లేదు. ఉంటే వాడేవాడే. ఉన్నాయో లేదో అప్పటి ఏఈ గారిని అడగాలి."

నా వైపు చూడకుండా చెప్పాడు. పక్కన ఉన్నది ఆ ఏఈనేనన్న సంగతి ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. ఉన్నదున్నట్టు కొట్టాలి కదా, కొట్టాను. చదివి వినిపించాలి కూడా, వినిపించాను. రాఘవులు మిగతా స్క్రీన్లు కూడా చూసి, పరిశీలించినట్టు ఒక కాగితం మీద ఎడమచేత్తో సంతకం పెట్టి, బస్టాండు దాకా వచ్చి నన్ను ఎక్కించాడు. దారిలో వరి ఊడ్పుల గురించి మాట్లాడాడు.

పదకొండు రోజులు ఆ అభిప్రాయానికి ఎదురుగా నా జవాబు గడి ఖాళీగా ఉంది. కోర్సుకి గడువు దగ్గరపడుతోంది. పన్నెండో రోజున డీఈ గారు పట్టీ తెప్పించుకుని చూశారు. ఆయన తెలివైనవారు, అడగాల్సింది ఒక్కటే అడిగారు. ఆ ఏఈ మీరేనా అని. అవునన్నాను. స్క్రీనే తీసేద్దాం, 'ఉదాహరణ తొలగించబడింది' అని జవాబు రాయండి, వరస మూసుకుపోతుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు అని సలహా ఇచ్చారు. నా మంచికే చెప్పారు. నిజానికి అదీ నియమాలకి లోబడే ఉంది, నా పాత రిపోర్టు లాగే.

ఆ సాయంత్రం పాసింజరు ఎక్కకుండా గదిలో కూర్చుని జవాబు కొట్టాను. "పరిశీలకుడి అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను. ప్రమాదం నాటికి రాడ్లు సెక్షన్లో లేవు. తనిఖీ నిమిత్తం ముందురోజు పక్క సెక్షన్‌కి ఇచ్చింది నేనే. లైన్‌మన్‌కి చెప్పలేదు. విచారణలోనూ చెప్పలేదు. స్క్రీను తిరగరాశాను." డీఈ గారు మర్నాడు చదివి, ఒక నిట్టూర్పు విడిచి, పైకి పంపక తప్పదండీ అన్నారు. పంపండి అన్నాను.

ఇక వరస మూయడానికి, జవాబు చూశాక పెట్టే పరిశీలకుడి సంతకం మిగిలింది. ప్రింటు తీసుకుని మళ్లీ ఘంటసాల వెళ్లాను. రాఘవులు సబ్‌స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కాగితం చేతికిచ్చాను. చదవడానికి చాలాసేపు పట్టింది. నేను తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను.

"రాడ్లు మళ్లీ ఎప్పుడొచ్చాయండీ?" అని అడిగాడు.

"నాలుగో రోజున."

"అంటే విచారణాయన వచ్చేసరికి ఉన్నాయన్నమాట." కాగితం ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆయన ఆస్పత్రికొచ్చి, రాడ్లు మేకుకే ఉన్నాయి కదయ్యా, నీకెందుకు కనపళ్లేదు అన్నాడండీ. ఇన్నాళ్లూ నేనే సరిగ్గా చూళ్లేదేమో అనుకున్నాను. చూసుకోకుండా ఎక్కినోణ్ణి, మీకు ఏ మొహం పెట్టుకుని ఫోన్ చెయ్యనండీ?"

నేను మెట్ల మీద అతని పక్కన కూలబడ్డాను. అతనిది కోపం అనుకుని నేను తొమ్మిదేళ్లు తప్పుకు తిరిగాను. అతను తన కళ్లనే నమ్మడం మానేసి తొమ్మిదేళ్లు తప్పుకు తిరిగాడు. నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఆ తొమ్మిదేళ్ల సాయంత్రాలు మా ఇద్దరికీ ఉండేవి. క్షమించమని అడిగాను. అవన్నీ ఎందుకులెండి అంటూ సంతకం పెట్టాడు. ఆ తరవాత, రాడ్లు లేనప్పుడు ఎక్కడంలో తన తప్పు కూడా ఉందనీ, అది కూడా రాయమనీ అన్నాడు. అందుకే ఇరవై మూడో స్క్రీనులో చివరి వాక్యం అతనిది: "రాడ్లు చేతిలో లేకపోతే లైన్ క్లియర్ అడగొద్దు. ఎవరు తొందరపెట్టినా అడగొద్దు."

నలభయ్యో స్క్రీనుకి నాకొక ఆలోచన వచ్చింది. రిటర్న్ ఇచ్చాక పై అధికారికి కూడా ఒక మాట చెప్పే అలవాటు మంచిదని రాసి, ఆ మాట ఎలా ఉండాలో వినిపించాలని. రాఘవుల్ని అడిగాను. సిగ్గుపడ్డాడు, ఆనక ఒప్పుకున్నాడు. ఫ్యాన్ ఆపి, తలుపులు వేసి, మైకు ముందు కూర్చోబెట్టాం. ఒక్కసారే చెప్పాడు. "ఏఈ గారూ, రిటర్న్ అయిపోయిందండీ. అందరం దిగాం." రెండోసారి చెప్పించలేదు.

కోర్సు ఆ ఏడాది చివర్లో ప్రచురితమైంది. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది, నా సర్వీసు రిజిస్టరులోనూ ఒక మందలింపు ఎక్కింది. రాఘవులు మీద ఉన్నది కొట్టేయమని రాశాను. ముగిసిన ఫైలు తిరిగి తెరవడం వీలుపడదని జవాబొచ్చింది. ఆ మందలింపుతోనే అతను మరుసటి ఏడు రిటైరయ్యాడు. వీడ్కోలు సభకి వెళ్లాను. కొత్త తువ్వాలు ఒకటి పట్టుకెళ్లాను, ఎర్రగళ్లదే.

కొన్నేళ్లకి కోర్సుని కొత్తగా తయారుచేశారు. బొమ్మలు బాగున్నాయి. గొంతు ఎవరో తర్ఫీదు పొందిన అమ్మాయిది, స్పష్టంగా ఉంది. పాతది సర్వర్ నుంచి తీసేశారు. నా దగ్గర ఒక సీడీ ఉంది గానీ ఇప్పటి ఏ కంప్యూటరూ దాన్ని చదవడం లేదు. రాఘవులు కూడా లేడు, పోయాడని మూడో రోజున తెలిసింది. గుడివాడలో మా ఇంట్లో సాయంత్రం ఆరింటికి ఫోను మోగితే ఇప్పటికీ నేను భోజనాల బల్ల దగ్గర్నుంచి లేస్తాను. ఎక్కువగా అది ఏదో బ్యాంకు వాళ్లది అవుతుంది.

ఈ ఉదంతం వల్ల మా విభాగంలో రెండు మార్పులు వచ్చాయి. పని చేసినవాడు చూడకుండా ఏ కోర్సునీ ప్రచురించకూడదని రాతపూర్వకంగా నియమం వచ్చింది. పరిశీలకుడు లేవనెత్తిన విషయాన్ని తీసేసి వరస మూయడం కుదరదని ఇంకో నియమం చేర్చాం. నా మటుకు నేను నేర్చుకున్నది మాత్రం కొత్తదేమీ కాదు, నా కోర్సులోనే మూడో స్క్రీనులో ఉంది. లైన్ క్లియర్ ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగి ఇవ్వాలి. నేను ఇవ్వడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అంతకాలమూ ఒక మనిషి స్తంభం మీదే ఉన్నాడు.